ఆట రోజు మౌనం

రెమీ అన్నయ్యా,

ఐస్ హాకీ ఆట రోజు గోల్‌కీపరుతో ఎవరూ మాట్లాడకూడదు కదా, అందుకే రాస్తున్నాను. "వాణ్ణి కదిలించావంటే ఊరంతా నిన్నే తిడుతుంది!" అని అమ్మ వంటింట్లోంచి బెదిరిస్తోంది.

మధ్యాహ్నపు నిద్రలో ఉన్నావు. కిటికీ అవతల సాగనే అనే మన నదిమీద గడ్డకట్టిన మంచు నీలంగా వెలుగుతోంది. నీ చెయ్యి దుప్పటి మీంచి మెల్లగా లేచి, గాలిలో పక్‌లను, ఆ నల్ల రబ్బరు బిళ్ళలను, పట్టుకుంటోంది. కలలో ఒక్కటీ జారడం లేదు.

మొన్న నెట్ వెనక నిలబడి చూశాను. ఎడమవైపు నుంచి వచ్చే పక్ నీకు కనిపించడం లేదు. కర్ర చప్పుడు విని ఊహిస్తున్నావు. ఈ వయసులో నీ చూపు సంగతి బయటపడితే క్లబ్బు మళ్ళీ తీసుకోదని నాకూ తెలుసు. కానీ కనపడని పక్ ఏదో ఒకరోజు గొంతుకు తగిలితే?

లేచాక ఏమీ చెప్పక్కర్లేదు. కారు తాళాలు నా చేతిలో పెట్టు, చాలు. ఆటకు ముందే నిన్ను తీసుకెళ్తాను, కంటి డాక్టరు ఇంకా ఆసుపత్రి నుంచి వెళ్ళిపోలేదు.

నీ చెల్లెలు