గాజులవాడి వేషం

అన్నా,

మనవాళ్లు తెల్లదొరల ఏలుబడిలోకి వలసొచ్చి ఉంటున్న ఈ భవాని పేటలో మగ్గాల దగ్గర కూర్చుని డిటెక్టివ్ నవలలు చదివి వినిపించేవాళ్లు నీ తర్వాత ఎవరూ లేరు. వేషం మార్చి పోలీసుల కళ్లుగప్పే గజదొంగల కథలంటే నీకు ప్రాణం. స్వాతంత్ర్య పోరాటంలో దిగావని తెల్లదొరల పోలీసులు నీకోసం వెతుకుతున్నప్పుడు, ఆ కథలనే నమ్ముకుని గాజులమ్మేవాడి వేషంలో అమ్మను చూడటానికి వచ్చావు. అమ్మ కూడా నిన్ను పోల్చుకోలేదు. నీ ప్రాణస్నేహితుడు సాంబయ్య పోల్చుకున్నాడు. గల్లీ చివర వాడు పోలీసులకు నిన్ను వేలెత్తి చూపించడం నేను గడపలో నిలబడి చూశాను. చెప్తే ఎవరూ నమ్మలేదు. అమ్మ అసలు విననే లేదు. నువ్వు జైల్లోనే పోయావు.

ఈ రోజు మన పేటలో స్వతంత్ర జెండా ఎగరేశారు. ఎగరేసింది సాంబయ్యే. ఖద్దరు చొక్కా, తెల్లటోపీ వేసుకున్నాడు.

"వాడు, నేను ఒక్క తల్లి పిల్లలోలె కొట్లాడినం" అని నీ పేరు చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నీ నవలల్లో అయితే ఈపాటికి వాడి వేషం బయటపడేది.

తర్వాత ఇంటికొచ్చి అమ్మకు శాలువా కప్పాడు.

"నా కొడుకును యాది పెట్టుకున్నవు బిడ్డా. ఇగ నువ్వే నా కొడుకువి" అంటూ అమ్మ వాడి తల నిమిరింది. నువ్వు పోయాక అమ్మ నవ్వడం ఇదే మొదలు.

మాట నా నోటిదాకా వచ్చింది. సాంబయ్య బెదురుగా నావైపు చూశాడు.

"అట్ల నిలవడ్డవేందే? అన్నకు చాయ్ తే" అంది అమ్మ.

తెచ్చి ఇచ్చాను.

నీ చెల్లెలు