ఇసుక కలిపిన నువ్వులు

ఏమండీ,

మీరు ప్రభువు దగ్గరికి వెళ్లి ఇవాళ్టికి ఏడాది. చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన నన్నే చేయమన్నారు పాస్టరుగారు. హైటెక్ సిటీలో ఆదివారం కూడా డ్యూటీ ఉండే పిల్లల కోసం ఇప్పుడు ఆరాధనంతా ఫోన్లలో బ్రాడ్‌కాస్ట్ చేస్తున్నారు. మన ఇంట్లో పైకి ప్రార్థించింది ఎప్పుడూ మీరే. నా గొంతు రెండో బెంచీ దాటదని నవ్వేవారు కూడా. నావల్ల కాదని చెప్పేద్దామనుకున్నాను.

చర్చికి వెళ్తుంటే ఆటోలో మన మేరీ ఒక సంగతి చెప్పింది. "బ్రాడ్‌కాస్ట్ అనేది అసలు పొలం మాటమ్మా. గింజలు చేత్తో వెదజల్లడాన్ని ఇంగ్లీషు రైతులు అలా అనేవాళ్లంట. తర్వాత రేడియోవాళ్లు తీసుకున్నారు. నాన్న చేసింది అదే కదా."

మీరు నువ్వులు చల్లడం గుర్తొచ్చింది. ముందు వాటిలో ఇసుక కలిపేవారు. ఎందుకండీ అని అడిగితే, "ఉత్త గింజలైతే పిడికెడూ ఒకేచోట పడతాయే. మధ్యలో ఇసుక ఉంటేనే చేనంతా అందుతాయి" అన్నారు.

సరేనని మైకు పట్టుకున్నాను. వచ్చిన నాలుగు మాటలే నెమ్మదిగా చెప్పాను. మీ పేరు దగ్గరికి వచ్చేసరికి కాసేపు ఆగిపోయాను. మళ్లీ అందుకుని ఆమెన్ దాకా వెళ్లాను.

మధ్యాహ్నం రాయదుర్గం ఆఫీసు నుంచి పక్కింటి స్వప్న ఫోన్ చేసింది.

"ఆంటీ, మీ ప్రార్థన మంచిగ వినపడ్డది. నడుమ జరసేపు నెట్ ఆగినట్టుంది, అంతే."

"పర్లేదమ్మా" అన్నాను.

ఆగింది నెట్ కాదు, అది ఇసుకని మీకైతే తెలుసు.