తలకిందులుగా నేర్చుకున్న అక్షరాలు

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అయిన మా ఆవిడకి,

మీ ఆయన దీవించి రాయునది అని మొదలుపెడదామనుకున్నాను. నా దీవెనలంటే నీకు నవ్వొస్తుందని గుర్తొచ్చి మానేశాను. ఇక్కడ నేను, అమ్మ, కిటికీలో నీ పూలతొట్లు అందరం క్షేమం. నువ్వూ, మీ అక్కా, ఆవిడ విరగ్గొట్టుకున్న కాలూ అక్కడ క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. అడిగినవాటికి ముందు జవాబులు రాసేస్తాను, లేకపోతే "నేనడిగేది ఒకటి, మీరు రాసేది ఒకటి" అంటావు. దగ్గు తగ్గింది. చెక్కపొడి లేచేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకుంటున్నాను. కట్టుకోవట్లేదని అమ్మ ఎవరిచేతనైనా రాయిస్తే నమ్మకు. అమ్మ మోకాలు నయం, మెట్లు దిగి పాలు తనే తెచ్చుకుంటోంది. దారిలో కనబడ్డవాళ్లందరికీ నా వంట గురించి చెబుతోందట, పక్కింటివాళ్లు నన్ను చూసే చూపులో జాలి కనబడుతోంది. కారుతున్న కుళాయి నేనే బాగుచేశాను. నేను బాగుచేసినదాన్ని బాగుచెయ్యడానికి తర్వాత మనిషిని పిలిపించాను. మొత్తానికి ఇప్పుడు కారడం లేదు.

వదిన కట్టు విప్పారనీ, చేతికర్ర లేకుండా నడుస్తోందనీ రాశావు. సంతోషం. ఆ వీధిలోనే ఉన్న బొమ్మల కంపెనీవాళ్లు నీ చేతిపని చూసి, బొమ్మలకి కళ్లూ పెదవులూ దిద్దే ఉద్యోగం ఇస్తామన్నారనీ, ఈ నెలాఖరులోగా అవునో కాదో చెప్పమన్నారనీ రాశావు. వదిన తన పైగది నీకు ఇచ్చేస్తానంటోందని కూడా రాశావు. అంతా రాసి, అడుగున ఇంకో రెండు ముక్కలు పెట్టావు. "మీ ఉత్తరాలన్నీ మళ్లీ తీసి చదివాను. అన్నిట్లోనూ అక్షరాలు ఆగిపోయాయి, అంకెలు ఆగిపోయాయి, త్వరగా రా అనే ఉంది. అక్షరాలు వేసే మనిషే కావాలంటే అక్కడే ఎవరినైనా పెట్టుకోండి."

దానికి జవాబు చివర్లో రాస్తాను. ఇప్పుడే రాస్తే నువ్వు మిగతాది చదవవు, నీ సంగతి నాకు తెలియదా.

నువ్వెళ్లిన కొత్తలో కొట్లో ఏం జరిగిందో నీకు సరిగ్గా రాయలేదు. చదరంగం బోర్డులు గోడవారగా పేర్చి ఉన్నాయి. గళ్లు అతికించాను, చిత్రిక పట్టాను, గరుకు కాగితంతో రుద్దాను, నా పని నేను చేసేశాను. అంచు చుట్టూ నువ్వు వేసే చిన్న అక్షరాలూ అంకెలూ మాత్రం లేవు. అవి లేకపోతే ఏ పావు ఏ గడిలోకి వెళ్లిందో ఆడేవాళ్లు రాసుకోలేరు. మన బోర్డులు అమ్మిపెట్టే కళ్లజోడాయన అవి లేనిదే బోర్డు ముట్టుకోడు. బియ్యపుగింజంత అంకె, అదేం బ్రహ్మవిద్యా అనుకుని నీ సన్నకుంచె తీశాను. తిట్టుకో, తిట్టుకున్నాకే చదువు.

మొదటి అంకె వెయ్యగానే రంగు చెక్క నారల వెంట పాకిపోయింది. ఎనిమిది వేస్తే నలిపేసిన చీమలా తయారైంది. గీకేసి మళ్లీ వేశాను, మళ్లీ అంతే. రంగు మార్చాను, కుంచె మార్చాను, రంగుల షాపువాడిని నాణ్యత లేదని నాలుగు మాటలన్నాను, పాపం. చివరికి నువ్వు సగంలో వదిలి వెళ్లిన బోర్డు తీసి బొటనవేలితో తడిమి చూస్తే, అంకెల కింద పలచగా ఒక పూత వార్నిష్ తగిలింది. ముందు ఆ పూత వేసి ఆరనిస్తేనే రంగు పాకదన్నమాట. ఇన్నేళ్లూ నా కళ్లెదుటే గుడ్డతో ఆ పూత రాస్తూంటే, దుమ్ము తుడుస్తున్నావనుకున్నాను. ఎదురుగా కూర్చున్నంత మాత్రాన చూసినట్టు కాదని ఆ రోజు తెలిసి సిగ్గేసింది.

పూత వేశాక రంగు నిలిచింది గానీ చెయ్యి నిలవలేదు. రెండుకి పొట్ట వచ్చింది, అయిదుకి నడుం విరిగింది. విసుగొచ్చి బోర్డుని అటు తోసేసి, కాసేపయ్యాక మళ్లీ దగ్గరికి లాక్కున్నాను. ఏదో ధ్యాసలో ఉండి వేస్తూ పోయాను. అంకెలు చక్కగా, అచ్చం నీ చేతిలోంచి జారినట్టు వచ్చాయి. తీరా చూస్తే అన్నీ తలకిందులు.

చాలాసేపు వాటినే చూస్తూ కూర్చున్నాను. మన బల్లకి నువ్వు అటు, నేను ఇటు కదా. పెళ్లయిన దగ్గర్నించీ నీ అక్షరాలు నేను చూసింది నా వైపు నుంచే. నీ అయిదు నా కంటికి అలాగే తెలుసు, నీ రెండు అలాగే తెలుసు. తిన్నగా వెయ్యమంటే రాని చెయ్యి, తలకిందులుగా అయితే కళ్లు మూసుకుని వేసేస్తోంది. ఇంకేం, బోర్డుని తిప్పి పెట్టుకుని అలాగే వెయ్యడం మొదలుపెట్టాను. మొదట్లో వరస తప్పేది, ఎడమ నుంచి మొదలుపెట్టేసరికి మొదటి అక్షరం వెళ్లి చివరి గడి కింద కూర్చునేది. ఇప్పుడు కుడి నుంచి మొదలుపెడుతున్నాను. అమ్మ వచ్చి చూసి, "ఏమిట్రా, బోర్డు చేత శీర్షాసనం వేయిస్తున్నావా?" అంది.

ఇక్కడికి వచ్చేసరికి నీ కనుబొమలు ముడిపడి ఉంటాయి. "వెయ్యడం వచ్చేసిందా? మరి ఆగిపోయాయని రాశారేం?" అని. అదే చెబుతున్నాను. ఏ బోర్డూ ఆగలేదు. పోయిన ఉత్తరం రాసేనాటికే ఒక విడత ఇచ్చేశాను. కళ్లజోడాయన ఒక్కో బోర్డూ కంటి దగ్గరికి పెట్టుకుని చూసి, "అమ్మగారు వచ్చేశారన్నమాట" అన్నాడు. గర్వపడాలో ఏడవాలో నాకు తెలియలేదు. "ఇంకా లేదండీ" అని వచ్చేశాను. వచ్చి, ఆ రోజే నీకు ఉత్తరం రాస్తూ, అక్షరాలు ఆగిపోయి చచ్చిపోతున్నాను, రా అని రాశాను.

ఎందుకంటే భయమేసింది. నువ్వు లేకుండా పని జరిగిపోతోందని తెలిస్తే, ఇంక నువ్వు రావడానికి ఏముంటుంది అనిపించింది. నాకు వంట రాదు, నాలుగు మంచి మాటలు మాట్లాడటం రాదు, చెక్క తప్ప ఇంకో లోకం తెలియదు. నీకు నాతో ముడి పెట్టింది ఆ అక్షరాలేననీ, అవి కూడా నేనే వేసేసుకుంటే ముడి ఊడిపోతుందనీ అనుకున్నాను. అందుకని బాగా వచ్చిన పని రాదని చెప్పాను. ఇలాంటి అబద్ధం ఆడే మొగుడు ఇంకొకడు ఉండడు.

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. "ఆ చివరి ముక్క మళ్లీ చదువు" అంది. చదివాను. "ఇన్నాళ్లూ దానికి నువ్వేం రాస్తున్నావురా?" అంది. చెప్పాను. "నువ్వు రాసింది పెళ్లానికా, పనిమనిషికా?" అని లేచి వెళ్లిపోయింది. ఆ పూట కూరలో ఉప్పు లేదని కూడా అనలేదు, అంత కోపం.

అప్పుడర్థమైంది నీకేం తగిలిందో. నేను భయంతో రాసింది నువ్వు పనికోసం పిలుపనుకున్నావు. అనుకోవా మరి, నేను రాసిందే అలా ఉంటే. ఒక్క ఉత్తరంలోనైనా రాయాల్సింది రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. నువ్వు ప్రతి బోర్డూ అయ్యాక నా వైపు తిప్పి, "ఏమండీ, వంకరగా ఉందా?" అని అడిగేదానివి. లేదని నీకు తెలిసే అడుగుతావు. నేను కావాలని కాసేపు ఆలోచించినట్టు చూసి, "కొంచెం" అనేవాణ్ణి. నువ్వు మూతి తిప్పేదానివి. ఇప్పుడు బోర్డు అవగానే తల ఎత్తుతాను. అడిగేవాళ్లు లేరు. మొన్న అమ్మని అడిగాను, వంకరగా ఉందా అని. "అన్నీ వంకరగానే ఉన్నాయిరా" అంది, కళ్లజోడు పెట్టుకోకుండానే. నాకు నవ్వు రావాల్సింది, రాలేదు. నువ్వు లేక ఈ ఇల్లు నాకు ఏం బాగాలేదు.

ఆ బొమ్మల కంపెనీ పని నీకు నచ్చితే చేరు. నేనేమీ అనుకోనని రాయలేను, అనుకుంటాను, కానీ అడ్డు రాను. బల్ల దగ్గర నా ఎదుట కూర్చోబెట్టి చాకిరీ చేయించుకోవడానికి కాదు నేను పిలిచేది. నువ్వు వచ్చాక కుంచె ముట్టుకోకపోయినా సరే, వేరే ఏ పని చేసుకున్నా సరే. అక్కడే ఉంటానన్నావో, రంపం సంచిలో పెట్టుకుని, అమ్మని తీసుకుని నేనే వచ్చేస్తాను. వదిన పైగది పొడవెంతో వెడల్పెంతో కొలిచి రాయి.

నన్నడిగితే మాత్రం, నువ్వు ఇక్కడ ఉండాలి. ఎందుకు అంటే చెప్పడానికి ఈసారి నా దగ్గర కారణమేమీ లేదు. ఇక్కడ నీకోసం ఏ పనీ ఆగి లేదు. ఊరికే రా.

ఇట్లు,
నీ మొగుడు