గొట్టం మీద నా నంబరు

అక్కకు నమస్కారములు. నేను కులాసా. పాపకు దగ్గు తగ్గినదీ లేనిదీ రాయగలవు.

నిన్న ల్యాబులో ఒక పెద్దాయన రక్తం తీసి, గొట్టం మీద ఆయన నంబరుకు బదులు నా హాల్‌టికెట్ నంబరు రాశాను. ఆ రక్తం పారబోయవలసి వచ్చింది. "రెండు పడవల మీద కాళ్ళెందుకమ్మా?" అన్నారు మా పెద్ద టెక్నీషియన్. పెద్దాయన మాత్రం "రెండో చెయ్యి ఖాళీగానే ఉందిలే తల్లీ" అంటూ చాచారు. అందులో నరం సులభంగా దొరకలేదు. ఆయన పళ్ళ బిగువున ఓర్చుకున్నారు.

ఈ ఏడు పరీక్ష మానుకున్నాను. చదువు ముగిసేదాకా పాపను తెచ్చుకోలేను గనుక, మరో ఏడాది నీ దగ్గరే ఉంచుకోవాలి. ఆ సంగతి దానికి నేనే చెబుతాను. బావగారికి నమస్కారములు. పాపకు కుట్టించే గౌనుకు అంచు మడత ఎక్కువ వదిలించు. వచ్చే ఏడు విప్పవచ్చు.

నీ చెల్లి