తిరగేసి బిగించిన సీలు

నేను, బాలకిషన్‌రావు, వయసు అరవై ఏడు, బి.ఎస్సీ., వృత్తి వ్యవసాయం, సుల్తానాబాద్ మండల నివాసిని. నా తెలివి నా దగ్గరే ఉంది. చెయ్యి వణకడం లేదు. పక్కన కూర్చొని రాయిస్తున్నవారు ఎవరూ లేరు. ఇంతకుముందు వీలునామా ఏదీ రాయలేదు. నా భార్య ప్రమోదిని నిరుడు కార్తీకంలో చనిపోయింది.

1. నా పేరిట ఉన్న ఆరెకరాల పొలం, ఇల్లు నా తదనంతరం మా ఒక్కగానొక్క బిడ్డ శ్రేయకు చెందుతాయి. ఇట్టి వీలునామాను అమలు చేసే బాధ్యత కూడా ఆమెదే.

2. ట్రాక్టరు, ట్రాలీ, ట్రాలీని లేపే హైడ్రాలిక్ జాకీ, పానాల పెట్టె శ్రేయకే. అమ్ముకోవచ్చు. అమ్మదని తెలుసు. మొన్న ఎండాకాలం జాకీ నూనె కారితే తనే విప్పి, నూనె ఆపే రబ్బరు సీళ్లు మార్చి, తనే బిగించింది. నేను కుర్చీలో కూర్చున్నాను. షరతులు మూడు. దుంగలు ఆనించకుండా, లేపిన ట్రాలీ కిందికి పోకూడదు. జాకీలోంచి పైకి లేచే రాడ్ మీద గోరు గీసి చూడాలి. గోరుకు గీత తగిలితే ముందు రాడ్ సంగతి చూడాలి, కొత్త సీలు వేసి లాభం లేదు. పని అయ్యాక రాడ్ లోపలికి దించే నిలపాలి. బయట ఉంటే తుప్పు పడుతుంది.

3. సీళ్లను వేడినీళ్లలో మెత్తబరిచే సత్తుగిన్నె కూడా శ్రేయకు. అది ప్రమోదిని పాలగిన్నె. "మీ చాయ్‌ల గ్రీజు వాసనొస్తే నన్ను అనద్దు" అనేది. సీలు నలగకుండా గాడిలో కూర్చోబెట్టింది ఎప్పుడూ ఆమె వేళ్లే. ఒక్కసారి తప్ప.

4. అలమారలో మందుల డబ్బాలో ఉన్న పాత సీలు మా తమ్ముడు సంతోష్‌రావుకు. తొమ్మిదేళ్ల కింద దాన్ని కరీంనగర్ నుంచి తెచ్చింది వాడు. తొందరపడి బిగించింది నేను. వడ్ల కొనుగోలు కేంద్రంలో నిండు ట్రాలీ సగం లేచి కూలబడింది. పదిమందిలో, "నకిలీ మాల్ తెచ్చి అన్ననే ముంచుడా?" అన్నాను. "గంత మాటంటివా అన్నా" అని వాడు పోయాడు. మళ్లీ నా గడప తొక్కలేదు. ప్రమోదిని దినాలకు వచ్చి వాకిట్లోనే నిలబడ్డాడు.

ఆ రోజు ఇంటికొచ్చి విప్పితే సీలు మంచిదే. నూనె వైపు ఉండాల్సిన అంచు బయటికి ఉంది. ప్రమోదిని చూసింది. "సంతోష్‌కు ఒక్క మాట చెప్పుండ్రి" అంది. జాకీ విప్పిన ప్రతిసారీ అంది. నేను చెప్పలేదు.

5. పై నాలుగో అంశాన్ని కొట్టివేస్తున్నాను. ఏదైనా పొందేవారు సాక్షిగా ఉండకపోవడం మంచిదని వకీలు చెప్పారు. నాకు సాక్షిగా సంతోషే కావాలి. ఆ సీలు నా తదనంతరం దాకా ఆగవలసిన వస్తువు కాదు. రేపు పొద్దున అదీ, ఈ కాగితమూ పట్టుకొని వాడింటికి పోతాను. వాడు చదువుకోవాలని, అక్షరాలు కనబడేలా ఒకే గీతతో కొట్టేశాను.

రాసిన తేదీ: 8 జూన్ 2025
సంతకాల తేదీ: 9 జూన్ 2025

(సంతకం) బాలకిషన్‌రావు

సాక్షులు:
1. ముత్యం, పక్క చేను రైతు.
2. సంతోష్‌రావు, తమ్ముడు. మొత్తం చదివిన. సీలు ముట్టింది.