అవ్వను కిందికి దిగనీయొద్దు

ఓబులేశూ,

ఇంట్లోకి రాగానే ముందు మెయిన్ స్విచ్ ఆపు. మోటార్ జోలికి పోవద్దు. పెరటి బావిలో నీళ్లు చేత్తో ముంచుకునేంత పైకొచ్చాయి. మొన్నటిదాకా తాడు చాలేది కాదు. భూమి ఇంక ఒక్క చుక్క కూడా పీల్చుకోదు. చామకాలువ పొంగితే ఆ నీళ్లన్నీ మన వీధిలోకే వస్తాయి.

అవ్వను ఎదురింటి రహమత్ బీ వాళ్ల మేడ మీదికి చేర్చాను. ఎంత బతిమాలినా కదల్లేదు. "ఈ వాకిట్లోకి నీళ్లు రావడం నేనెప్పుడూ సూడలే. నన్ను యాడికి ఈడ్చుకపోతాండావ్?" అని మంచం పట్టుకుని కూర్చుంది. చివరికి అబద్ధమాడాను. నీకు జ్వరమొచ్చిందని, అంగడి నుంచి నేరుగా ఆ మేడ మీదికే వస్తావని చెప్పాను. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లెక్కింది. ఇప్పుడక్కడ కషాయం కాచి నీకోసం చూస్తోంది. నువ్వు పోయి దుప్పటి కప్పుకుని పడుకో. మాట్లాడకుండా తాగు. నీకు జ్వరం లేదని తెలిస్తే వెంటనే దిగి వచ్చేస్తుంది.

జ్వరం నాకని చెప్పి ఉంటే మంచం దిగేది కాదు. అది నీకూ తెలుసు.

ఆళ్లగడ్డ దగ్గర వక్కిలేరు పక్క ఊళ్లలో బోర్ల నీటిమట్టం కొలవాలని ఆఫీసు జీపు వచ్చింది. పోక తప్పదు. దారిలో వాగులున్నాయి. ఫోన్ కలవకపోతే కంగారుపడొద్దు.

అక్క

అవ్వ నా గురించి అడిగితే, నంద్యాల ఆఫీసులోనే ఉన్నానని చెప్పు. అడగకపోయినా చెప్పు.