పద్నాలుగో సలహా

మల్కాపురం,
ఆగస్టు 9

ప్రియమైన కీర్తనా,

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వకు. మీ సాఫ్ట్‌వేర్ కంపెనీకి మెయిలు పెడితే టికెట్ నంబరు వస్తుంది గాని మనిషి పలకడు. దువ్వాడ కాలేజీలో మూడేళ్ళు ఒకే బెంచీ మీద కూర్చున్నదానివి, నువ్వైనా చదువుతావని రాస్తున్నాను.

నువ్వు పిలిస్తేనే మొన్న మీ కస్టమర్ సలహా మండలికి వచ్చాను. బీచి రోడ్డు హోటల్లో ఏసీ హాలు, మెడలో కార్డు, చేతిలో రంగు చీటీలు. పాతికమందిలో ఆయిల్ ట్యాంకులు కడిగించే చిన్న కాంట్రాక్టరు తరఫున వచ్చింది నేనొక్కదాన్నే. ఒకే చీటీ రాశాను: "సాయంత్రం ఆరు కాగానే మీ సాఫ్ట్‌వేర్ ట్యాంకులోకి దిగే పర్మిట్లన్నీ తనంతట తానే మూసేస్తోంది. ట్యాంకులో మనిషి ఉన్నా సరే, లోపల ఉన్నవారు సున్నా అని చూపిస్తోంది."

జూన్‌లో జరిగింది కూడా లేచి చెప్పాను. ఆరు దాటినా మా కూలీ కాసులమ్మ ఇంకా ట్యాంకు అడుగున మడ్డి ఎత్తుతోంది. ట్యాబ్‌లో సున్నా చూసి బయట కాపలా ఉన్నవాడు వెళ్ళిపోయాడు, ఫిట్టర్లు మూతకి బోల్టులు బిగించడం మొదలుపెట్టారు. పర్మిట్లు రాసేదాన్ని కదా, ఒకసారి చూసొద్దామని వెళ్ళాను. మూత పక్కనే ఆమె చెప్పులు కనబడ్డాయి. అరిచి బోల్టులు విప్పించాను. పైకొచ్చి, ఊపిరి తీసుకుని ఆమె అన్నమాట ఒక్కటే: "నాను లోపలుండగానే నన్ను సున్నా సేసీసినారేటమ్మా?"

ఇది విన్నాక మీవాళ్ళు ఓట్లు వేయించారు. తెర రంగు నల్లగా కావాలన్న సలహా మొదటిది. నాది పద్నాలుగోది. నువ్వు నవ్వుతూ చప్పట్లు కొట్టావు. కడుపు మండిపోతోంది కీర్తనా.

జవాబు కోసం చూస్తూ,
షరీఫున్నీసా

—

హైదరాబాదు,
ఆగస్టు 21

ప్రియమైన షరీఫాకి,

నీ కోపం నాకు తెలియనిదా! కానీ సలహా మండలి ఫిర్యాదుల పెట్టె కాదే. నేను సమావేశం నడిపేదాన్నేగాని నిర్ణయాలు నావి కావు. పెద్ద కస్టమర్లు ఏది కోరితే అది ముందుకెళ్తుంది. పైగా ఆ ఆరుగంటల రూలు మా బుర్రలో పుట్టింది కాదు. ఎప్పుడో ఒక కస్టమరు అడిగితేనే పెట్టాం. వచ్చే ఏడాది తప్పకుండా చూస్తామంటున్నారు.

ఆ రోజు సమావేశంలో ఎవరేమన్నారో రాసిన మినిట్స్ పంపుతున్నాను, సంతకం పెట్టి తిప్పి పంపు. నీ ఫోటో మా కంపెనీ ప్రచార పుస్తకంలో వేస్తారట! ఆకుపచ్చ చీరలో ఎంత బాగున్నావో. మీ అమ్మీ మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? అడిగానని చెప్పు.

ఎప్పటికీ నీ స్నేహితురాలు,
కీర్తన

—

మల్కాపురం,
సెప్టెంబరు 2

కీర్తనకి,

ప్రియమైన అని రాయబోతే చెయ్యి రాలేదు.

మినిట్స్ చదివాను. "షరీఫున్నీసా గారు భద్రతా ఏర్పాట్లపై సంతృప్తి వ్యక్తం చేస్తూ ఒక చిన్న సవరణ సూచించారు." ఎప్పుడు వ్యక్తం చేశానే? ఆ వాక్యం కాసులమ్మకి చదివి వినిపించాను. "సంతృప్తంటే ఏటమ్మా? నాను సావనందుకా?" అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

మా కాంట్రాక్టరు శ్రీరామ్మూర్తి గారికి మొరపెట్టుకున్నాను. "సాఫ్ట్‌వేరోళ్ళ తప్పమ్మా, మనమేటి సేత్తాం?" అని చేతులు దులుపుకున్నారు. ఆయన మిమ్మల్ని అంటారు, మీరు ఎవరో కస్టమర్ని అంటారు. ఎవరా కస్టమరు? పేరు చెప్పు. ఆ పెద్దమనిషిని ఒక్క సాయంత్రం ట్యాంకులోకి దింపి పైన మూత వేస్తాను.

సంతకం పెట్టను. నా ఫోటో వేస్తే మీ ఆఫీసు ముందుకొచ్చి ఆ పుస్తకం చింపుతాను. పేరు చెప్పేదాకా నాకు రాయకు.

షరీఫున్నీసా

—

హైదరాబాదు,
అక్టోబరు 14

ప్రియమైన షరీఫా,

ఆరు వారాలు నీకు మొహం చూపించలేక రాయలేదు. ఇప్పుడు పేరు చెబుతున్నాను. శ్రీరామ్మూర్తి. మీ శ్రీరామ్మూర్తే.

మూడేళ్ళ కిందటి మండలికి ఆయనే వచ్చారు. "చీకటి పడ్డాక పర్మిట్లు తెరిచి ఉంటే ఆడిటోళ్ళు పీక్కు తింతన్నారు. ఆరయ్యేసరికి అన్నీ మూసీయండి బాబూ" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ మినిట్స్ రాసింది నేనే. హోటల్లో నువ్వు లేచి మాట్లాడుతుంటే నాకు అదంతా గుర్తొచ్చింది. చెబితే నీ ఉద్యోగం పోతుందనుకున్నాను. అబద్ధమెందుకు, నాది పోతుందని భయపడ్డాను.

ఆ పాత కాగితం నకలు, మండలి సభ్యుల చిరునామాలు ఇందులో పెట్టాను. నీ మొదటి ఉత్తరం మా డైరెక్టరు ముందే పైకి చదివాను. నన్ను మండలి పని నుంచి తప్పించారు.

తిట్టినా సరే, జవాబు రాయి.
కీర్తన

—

మల్కాపురం,
అక్టోబరు 30

కీర్తనా,

నువ్వు పంపిన కాగితం పట్టుకుని పదకొండు మంది ఆడవాళ్ళతో శ్రీరామ్మూర్తి గారి గదిలోకి వెళ్ళాను. చదివి నీళ్ళు తాగారు. "అప్పుడలాగ తోచిందమ్మా" అన్నారు. కాసులమ్మ ఊరుకోలేదు. "ఆడిటోళ్ళకి బయపడి మమ్మల్ని మూసీసినారా బాబూ? మాకు బయపడాలని తోచలేదేటి?" అంది.

ఆ రోజు నుంచి ఒక్కరూ ట్యాంకులోకి దిగలేదు. నాలుగు రోజులు గేటు ముందే కూర్చున్నాం. ఐదో రోజు పొద్దున ఆయనే మీ కంపెనీకి ఫోన్ చేసి రూలు తీయమన్నారు. అరగంటలో తీసేశారు. అరగంటే కీర్తనా! నా చేతిలో ఉన్న టీ గ్లాసు విసిరికొట్టాను.

తీసింది మా ఒక్కరికే. మిగతా ఊళ్ళలో ఇంకా అలాగే ఉంది. అందుకే మండలి సభ్యులందరికీ ఉత్తరాలు రాస్తున్నాం, కింద పన్నెండు మందిమీ సంతకాలు, వేలిముద్రలు పెడుతున్నాం.

నీ కాగితం లేకపోతే ఇదేదీ జరిగేది కాదు. ఒప్పుకుంటాను. అయినా నీ మీద కోపం పోలేదు. ఈ ఆదివారం బయల్దేరి రా. దువ్వాడ స్టేషనుకి నేనే వస్తాను. ముందు కాసులమ్మ ఇంటికి వెళ్దాం. తెలిసీ ఎందుకు నోరు విప్పలేదో ఆమె ఎదురుగా కూర్చుని నువ్వే చెప్పాలి. మనిద్దరి సంగతి ఆ తర్వాత.

షరీఫా